బొమ్మా బొరుసూ తూకమూ



నాణెం అనగానే మనకు రెండే పక్కలు గుర్తొస్తాయి. ఒకటి బొమ్మ, రెండోది బొరుసు. పైకెగరేసి పందెం కాసేవాడికి ఆ రెండూ చాలు. వెండి నాణెం పుచ్చుకుని సరుకు ఇచ్చే వర్తకుడికి మాత్రం చాలవు. అతనికి మూడోది కావాలి. అది తూకం. బొమ్మ ఎవరిదో, బొరుసు మీద ఏం రాసుందో చూడకముందే, నాణెం అరచేతిలో వేసుకుని బరువు చూసుకుంటాడు. ఇవాళ రోము చక్రవర్తుల వెండి నాణేలను ముందు పెట్టుకుని ఈ మూడింటి గురించీ మాట్లాడుకుందాం. రోమే ఎందుకంటారా? అక్కడ రెండున్నర శతాబ్దాలకు పైగా చక్రవర్తి తరవాత చక్రవర్తి ఒకే రకం వెండి నాణెం మీద తన ముఖం వేయించుకుంటూ వచ్చాడు. ముఖాలు మారాయి, రాతలు మారాయి, లోపలి వెండీ మారింది. బొమ్మా బొరుసూ చక్రవర్తి చెప్పదలచుకున్నది చెప్పాయి. ఆయన దాచదలచుకున్నది తూకం బయటపెట్టింది.

లాటిన్లో ఆ నాణెం పేరు డినారియస్. తెలుగు బైబిలు చదివినవారికి ఇది దేనారం. ద్రాక్షతోటలో పనికి కుదిరిన కూలీలకు యజమాని రోజుకు ఒక దేనారం ఇస్తానని ఒప్పుకుంటాడు చూడండి, ఆ దేనారమే ఇది. మనమూ ఆ పేరుతోనే పిలుద్దాం. క్రీ.పూ. 211 ప్రాంతంలో, శత్రు సేనాని హానిబాల్ సేనలతో రోము చావో రేవో అన్నట్టు పోరాడుతున్న రోజుల్లో దీన్ని మొదటిసారి అచ్చువేశారు. అప్పుడు నాలుగున్నర గ్రాములు తూగేది. కొద్ది కాలానికే ఒక రోమన్ పౌను వెండికి 84 నాణేలన్న లెక్క కుదిరింది. అంటే ఒక్కోటి 3.9 గ్రాములు. మన పాత తులంలో మూడోవంతు. వెడల్పు ఇంచుమించు స్టీలు అర్ధరూపాయి బిళ్ళంత ఉంటుంది. అగస్టస్ కాలంలో రోమన్ కాల్బలం సిపాయికి ఏడాది జీతం 225 దేనారాలు. లక్షలకొద్దీ నాణేలు అచ్చువేయించింది ప్రధానంగా సంతల కోసం కాదు, సైన్యం జీతాల కోసం. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. ముందుముందు కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

టంకశాలలో పని ఎలా జరిగేదో చూద్దాం. ఒక అచ్చును దాగలిలో బిగిస్తారు. దాని మీద చక్రవర్తి ముఖం తిరగేసి, లోతుగా చెక్కి ఉంటుంది. కొలిమిలో కాల్చిన వెండి బిళ్ళను పటకారుతో పట్టి ఆ అచ్చు మీద పెడతారు. బొరుసు అచ్చును పైనుంచి ఆనిస్తారు. సమ్మెటతో దెబ్బ వేస్తారు. దాంతో బొమ్మా బొరుసూ ఒక్కసారే పడతాయి. అంతా చేతిపని కాబట్టి ఏ రెండు నాణేలూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకదాని మీద చక్రవర్తి తల వెనకభాగం అంచు దాటి పోయి ఉంటుంది. ఇంకోదాని మీద పేరులో సగం అక్షరాలే పడి ఉంటాయి. దెబ్బ పక్కకు పోయినా ఫరవాలేదు. పౌనుకు ఇన్నన్న లెక్క తప్పితే మాత్రం ఊరుకునేవారు కారు.

మొదట్లో ఈ నాణేల మీద మనుషుల ముఖాలు లేవు. రోమా దేవత ఉండేది, రథం ఉండేది. తరవాత్తరవాత నాణేలు వేయించే అధికారులు తమ వంశంలో ఎప్పుడో పోయిన పెద్దల బొమ్మలు వేయించుకోవటం మొదలుపెట్టారు. బతికున్న మనిషి ముఖం వేయటం మాత్రం రోములో ఆచారం కాదు. అది రాజుల పద్ధతి. రాజులంటే రోమన్లకు ఒళ్ళుమంట. క్రీ.పూ. 44 మొదట్లో జూలియస్ సీజర్ ఆ గీత దాటాడు. సన్నని మెడ, మెడ మీద ముడతలు, తలమీద ఆకుల దండ. పక్కన ఆజీవన నియంత అన్న బిరుదు. బట్టతల కనపడకుండా ఉంటుందని ఆయనకు ఆ దండ అంటే మహా ఇష్టమని చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. ఆ ఏడాది మార్చి 15న సీజర్‌ను సెనేటు సమావేశంలోనే పొడిచి చంపారు.

అసలు విశేషం ఆ తరవాత జరిగింది. చంపినవాళ్ళలో ముఖ్యుడు బ్రూటస్. రాచరికం వద్దని కత్తి పట్టినవాడు. రెండేళ్ళ తరవాత అతనూ దేనారం మీద తన ముఖం వేయించుకున్నాడు. బొరుసు మీద రెండు బాకులు. వాటి మధ్య, బానిసత్వం నుంచి విడుదలైనవాడు పెట్టుకునే టోపీ. కింద, మార్చి 15ను సూచించే రోమన్ తేదీ. హత్యను పండగలా అచ్చువేసుకున్న నాణెం అది. సైన్యానికి జీతం ఇవ్వాలంటే వెండి కావాలి. ఆ వెండి ఎవరు ఇస్తున్నారో సిపాయికి తెలియాలంటే ముఖం కావాలి. సీజర్‌ను చంపినవాడు కూడా ఆ అవసరం నుంచి తప్పించుకోలేకపోయాడు.

అక్కణ్ణుంచి ముఖం లేని దేనారం అరుదైపోయింది. క్రీ.పూ. 27లో అగస్టస్ బిరుదు తీసుకున్న ఆక్టేవియన్ క్రీ.శ. 14లో డెబ్బయ్యయిదేళ్ళు దాటి చనిపోయాడు. నాణేల మీద ఆయనకు ముసలితనం రాలేదు. చివరిదాకా పాతికేళ్ళ కుర్రాడే. ఆయన నాణేల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. మన కథలో దానికి ప్రత్యేకమైన చోటుంది. బొమ్మవైపు అగస్టస్ తల, దేశపిత అన్న బిరుదు. బొరుసువైపు ఇద్దరు యువకులు నిలబడి ఉంటారు. ఇద్దరి మధ్యా రెండు డాళ్ళు, రెండు ఈటెలు. వాటిపైన పూజలో వాడే గరిటె ఒకటి, శకునం చూసే పూజారి పట్టుకునే వంకర కర్ర ఒకటి. ఆ యువకులు గాయస్, లూసియస్. అగస్టస్ కూతురి కొడుకులు. ఆయన వాళ్ళను దత్తత తీసుకుని వారసులుగా ప్రకటించాడు. ఆ సంగతి సామ్రాజ్యమంతా తెలియటానికి గాల్‌లో, ఇప్పటి ఫ్రాన్సులోని లియాన్ పట్నం టంకశాలలో, ఈ నాణేన్ని కుప్పలుగా అచ్చువేయించాడు. లూసియస్ క్రీ.శ. 2లో, గాయస్ క్రీ.శ. 4లో చనిపోయారు. నాణేలు మాత్రం ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. పోయినవాళ్ళనే వారసులని అవి దేశదేశాల్లో చాటుతూ పోయాయి.

రాజ్యం దక్కింది అగస్టస్ సవతి కొడుకు టైబీరియస్‌కు. ఆయన నాణెం మీద దండ వేసుకున్న తల, దివ్యుడైన అగస్టస్ కొడుకు అన్న రాత ఉంటాయి. వెనకవైపు చేతిలో దండమూ కొమ్మా పట్టుకుని పీట మీద కూర్చున్న స్త్రీ. ఆమె టైబీరియస్ తల్లి లివియా అని చాలామంది అంటారు. ఇరవై మూడేళ్ళ పాలనలో ఆయన వెండి నాణేల్లో అత్యధికం ఈ ఒక్క రకమే. కైసరుకు పన్ను కట్టవచ్చా అని యేసును ఇరుకున పెట్టబోతే, ఆయన ఒక దేనారం తెమ్మని, దీని మీద ఉన్నది ఎవరి రూపమని అడిగిన ఘట్టం క్రైస్తవులందరికీ తెలుసు. ఆ నాణెం ఇదేనని సంప్రదాయంగా చెబుతారు. టైబీరియస్ కాలంలో నాణెం మీది బొమ్మకు ఎంత పట్టింపు వచ్చిందంటే, అగస్టస్ ముఖం ఉన్న నాణేన్నో ఉంగరాన్నో మరుగుదొడ్డిలోకి తీసుకువెళ్ళటం కూడా ప్రాణం మీదికి తెచ్చే నేరమైందని స్వెటోనియస్ రాశాడు.

ఇంటి గొడవలు కూడా నాణెం మీదికి ఎక్కేవి. నీరో క్రీ.శ. 54లో గద్దె ఎక్కేటప్పటికి పదహారేళ్ళవాడు. ఆ ఏడాది వేసిన దేనారం మీద రెండు ముఖాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి నీరోది, ఒకటి తల్లి అగ్రిప్పినాది. బొమ్మ చుట్టూ ఉన్న పేరు తల్లిదే. కొడుకు పేరు వెనక్కి పోయింది. మరుసటి ఏడాది నాణెంలో ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటారు. ముందు నీరో, అతని వెనక తల్లి అంచు మాత్రం కనపడుతుంది. ఇప్పుడు ముందువైపు పేరు నీరోది. ఆపైన నాణేల్లో తల్లి లేదు. 59లో నీరో ఆమెను చంపించాడు. ఏ చరిత్ర పుస్తకమూ చదవకపోయినా, ఈ మూడు నాణేలను వరసగా పేర్చి చూస్తే ఆ ఇంట్లో గాలి ఎటు మళ్ళుతోందో అర్థమవుతుంది.

ఇక బొరుసు మీది రాతలు. అవి చదవటంలో ఒక కిటుకు ఉంది. రాజ్యంలో ఏది కరవైందో దాన్నే నాణెం గట్టిగా చాటుతుంది. నీరో చనిపోయాక 69లో ఒకే ఏడాది రోము నలుగురు చక్రవర్తులను చూసింది. వాళ్ళలో ఒథో మూడు నెలలు ఏలాడు. ఆయన సవరం పెట్టుకునేవాడట. నాణెం మీద జుట్టు మెట్లు మెట్లుగా కనపడుతుంది. ఆ నాణెం వెనక రాసుంది, లోకమంతటికీ శాంతి అని. అప్పుడు రోమన్ సైన్యాలు ఒకదాన్నొకటి నరుక్కుంటున్నాయి. ఏప్రిల్లో ఒథో ఓడిపోయి ఆత్మహత్య చేసుకున్నాడు. 193లో అంగరక్షక దళం పెర్టినాక్స్ చక్రవర్తిని చంపి, గద్దెను వేలం వేసింది. డిడియస్ జూలియానస్ అనే ధనవంతుడు సిపాయికి 25,000 సెస్టర్సుల చొప్పున, అంటే 6,250 దేనారాల చొప్పున ఇస్తానని పాడుకున్నాడు. ఆయన దేనారం మీద ఉన్న మాట, సైనికుల ఐకమత్యం. 66 రోజులకు ఆ సైనికులే ఆయన్ని వదిలేశారు. సెనేటు మరణశిక్ష వేసింది.

69 నాటి ఆ నలుగురిలో గెలిచి నిలిచిన వెస్పేసియన్ ముఖం వేరు. బట్టతల, ముడతలు, పిడికిలిలాంటి గడ్డం. అందంగా చూపించమని ఆయన అడగలేదు. ఖాళీ ఖజానా చేతికొచ్చింది. చాకళ్ళు బట్టలు శుభ్రం చేయటానికి వాడే మూత్రం మీద కూడా పన్ను వేశాడు. కొడుకు టైటస్ ఛీ అన్నాడు. వెస్పేసియన్ ఆ పన్ను తాలూకు మొదటి డబ్బులు కొడుకు ముక్కు దగ్గర పెట్టి, వాసనేమైనా వస్తోందా అని అడిగాడు. బొమ్మ మాటలకు పడిపోని పాలకుడు ఆయన. నాణెం ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది కాదు, ఎంత తూగుతుందన్నదే ఆయన లెక్క.

తూకం దగ్గరికి వచ్చాం కాబట్టి మళ్ళీ నీరో దగ్గరికి వెళ్దాం. 64 జూలైలో రోము నగరం తగలబడింది. ఊరు మళ్ళీ కట్టాలి. తన కోసం బంగారు భవనమూ కట్టుకోవాలి. ఆ ఏడాదే దేనారం మారింది. పౌను వెండికి 84 వేసేవాళ్ళు 96 వేయటం మొదలుపెట్టారు. నాణెం 3.9 గ్రాముల నుంచి 3.4 గ్రాములకు దిగింది. దాదాపు స్వచ్ఛంగా ఉండే వెండిలో రాగి కలిపారు. ముఖం అదే, విలువ అదే అన్నారు. పాలవాడు చెంబు మార్చకుండా నీళ్ళు కలిపినట్టు. ఇంట్లోవాళ్ళకు వెంటనే తెలియకపోవచ్చు. రోము లోపల చట్టం ఉంది, ముఖం చూసి తీసుకోక తప్పదు. రోము సరిహద్దు దాటితే ఆ ముఖానికి భయపడేవాడు ఎవడు?

ఉత్తరాన జర్మను తెగల గురించి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన మాట చూడండి. వాళ్ళకు పాత నాణేలంటేనే గురి. అంచులకు పళ్ళు కోసినవీ, జంట గుర్రాల రథం బొమ్మ ఉన్నవీ ఏరి తీసుకుంటారు అన్నాడు. పళ్ళు కోసిన అంచులో లోపలి లోహం కనపడుతుంది. రాగి బిళ్ళకు వెండి తొడిగిన దొంగ నాణేలు అప్పటికే ఉండేవి మరి. దక్షిణాన, శ్రీలంక గురించి రోమన్ రచయిత ప్లినీ ఒక ఉదంతం చెప్పాడు. క్లాడియస్ చక్రవర్తి రోజుల్లో, ఎర్రసముద్రం సుంకాలు పాటపాడుకున్న అన్నియస్ ప్లోకామస్ అనే ఆయన మనిషి ఒకడు గాలివాటుకు కొట్టుకుపోయి లంక చేరాడు. అతని దగ్గరున్న దేనారాలను అక్కడి రాజు చూశాడు. వాటి మీద ముఖాలు వేరువేరు, తూకం మాత్రం ఒక్కటే. ఇన్ని చేతులు మారినా తూకం తప్పని మనుషులా అని రాజు అబ్బురపడి, రోముకు రాయబారులను పంపాడట. చక్రవర్తులు ముఖానికి అంత ఖర్చు పెట్టారు. లంక రాజు మెచ్చుకున్నది తూకాన్ని.

మన వర్తకులూ అంతే. ఒకటో శతాబ్దంలో గ్రీకు నావికుడొకడు రాసిన ఎర్రసముద్ర యానం పుస్తకంలో కేరళ మిరియాల రేవు ముజిరిస్ ఉంది, మన మచిలీపట్నం తీరమని చెప్పే మసాలియా ఉంది. అక్కడ మేలైన నూలుబట్ట విస్తారంగా దొరుకుతుందని రాశాడు. గుజరాత్ భరుకచ్ఛం రేవులో రోమన్ బంగారు, వెండి నాణేలను స్థానిక డబ్బుతో మారిస్తే లాభముంటుందనీ చెప్పాడు. భారతదేశం ఏటా రోము నుంచి 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని ప్లినీ వాపోయాడు. అంటే కోటీ పాతిక లక్షల దేనారాలు. అంతకు ముందే, క్రీ.శ. 22లో, ఆడవాళ్ళ నగల కోసం మన సొమ్ము పరాయి దేశాల పాలవుతోందని టైబీరియస్ సెనేటుకు ఉత్తరం రాశాడు.

ఆ సొమ్ము ఎక్కడికి చేరిందో మన నేల చెబుతుంది. ఉమ్మడి నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటే 1,531 రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ప్రధానంగా అవి ఎవరివి? అగస్టస్‌వీ, టైబీరియస్‌వీ. ఇందాక మనం చూసిన ఇద్దరు యువకుల నాణెం, కూర్చున్న స్త్రీ నాణెం. కరీంనగర్ ప్రాంతం నస్తుల్లాపూర్‌లోనూ ఆ ఇద్దరు చక్రవర్తుల నాణేలే దొరికాయి. దక్షిణాదిన దొరికిన దేనారాల కుండలు చాలావాటిలో ఇదే వరస. నీరో తగ్గించిన తరవాతి వెండి ఇక్కడ అరుదు. రోముతో వ్యాపారం ఆగిపోలేదు, నీరో తరవాతి చక్రవర్తుల బంగారు నాణేలు దొరుకుతున్నాయి. అందుకే చాలామంది పండితులు చెప్పే కారణం ఇది. మన షరాబులు కొత్త దేనారాలు వద్దని, పాతవే తెమ్మన్నారు. జర్మనీ అడవుల్లోనూ కృష్ణా తీరంలోనూ ఒకరినొకరు ఎరగని మనుషులు ఒకే తీర్పు ఇచ్చారు.

ఇక్కడివాళ్ళు ఆ ముఖానికి పెద్దగా జంకలేదు కూడా. 1898లో తమిళనాడు పుదుక్కోట దగ్గర 501 రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అత్యధికం నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంది. ఇది ఇక డబ్బు కాదు, లోహం అని గుర్తు పెట్టారన్నమాట. రోములో ప్రాణాలు తీసిన మర్యాద ఇక్కడ ఉలి కింద పోయింది. అలాగని ముఖం మోజు బొత్తిగా లేదనీ కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలను చూసి మట్టితో చేసిన బిళ్ళలు దొరికాయి, మెళ్ళో వేసుకోవటానికి కొక్కెంతో సహా. దేనారం పేరూ ఇక్కడ నిలిచింది. నాగార్జునకొండ శాసనమొకటి, మహాదేవి రుద్రధర భట్టారిక మహాచైత్యం స్తంభం కోసం 170 దీనారి మాషకాలు దానం చేసిందని చెబుతుంది.

మన శాతవాహనులకూ వెండి మీద ముఖం విలువ తెలుసు. నాసిక్ ప్రాంతం జోగల్‌తెంబిలో 1906లో 13,250 వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాత రాజు నహపాణుడి ముఖం ఉన్నవి. అతన్ని ఓడించిన గౌతమీపుత్ర శాతకర్ణి వాటిని కరిగించే శ్రమ పెట్టుకోలేదు. 9,000కు పైగా నాణేల మీద తన గుర్తులు, మూడు కమానుల కొండనూ ఉజ్జయిని చిహ్నాన్నీ, నేరుగా కొట్టించాడు. ఆ గుర్తుల కింద ఓడినవాడి ముక్కూ కళ్ళూ ఇంకా కనపడుతుంటాయి. రాజ్యం మారిందని బొమ్మ చెప్పింది, వెండి మాత్రం చెక్కుచెదరలేదు.

రోములో అలా జరగలేదు. అక్కడ ముఖం మారినప్పుడల్లా వెండి కాస్త తగ్గుతూ వచ్చింది. మధ్యమధ్య డొమిషియన్ లాంటివాళ్ళు పెంచబోయారు, నిలబెట్టలేకపోయారు. 107లో ట్రాజన్ అరిగిన పాత నాణేలన్నిటినీ రప్పించి కరిగించాడు. 190ల్లో సెప్టిమియస్ సెవెరస్ వచ్చేసరికి దేనారంలో వెండి దాదాపు సగానికి దిగింది. ఎందుకంటే సిపాయి జీతం పెరుగుతోంది. డొమిషియన్ 225ను 300 చేశాడు. సెవెరస్ ఇంకా పెంచాడు. కొడుకులు కారకల్లా, గేటాలను దగ్గర కూర్చోబెట్టుకుని, మీరిద్దరూ కలిసుండండి, సైనికులకు దోచిపెట్టండి, మిగతావాళ్ళను పట్టించుకోకండి అన్న అర్థం వచ్చే మాట చెప్పి చనిపోయాడు. కొడుకులు రెండో మాటే విన్నారు. 211 డిసెంబరులో కారకల్లా తమ్ముణ్ణి తల్లి ఒడిలోనే చంపించాడు. గేటా ముఖమున్న నాణేలు కూడా కరిగించాడని చరిత్రకారుడు డియో రాశాడు. 215లో కొత్త నాణెం తెచ్చాడు. అందులో చక్రవర్తి తలకు సూర్యకిరణాల కిరీటం ఉంటుంది. రెండు దేనారాల విలువ పెట్టారని పండితుల అంచనా. లోపలి వెండి ఒకటిన్నర దేనారానికే సరి.

248లో ఫిలిప్ చక్రవర్తి రోము నగరానికి వెయ్యేళ్ళు నిండాయని ఆటలు, వేడుకలు చేయించాడు. నాణేల మీద సింహం, జింక, నీటిగుర్రం కూడా వేయించాడు. పండగ ఘనంగానే ఉంది, లోపల వెండి సగం కూడా లేదు. 260లో వెలేరియన్ చక్రవర్తి పర్షియా రాజు షాపూర్‌కు పట్టుబడ్డాడు. ఆ ఏడాదే ఈజిప్టులో ఆక్సిరింకస్ పట్నపు షరాబులు చక్రవర్తుల నాణెం మాకొద్దని దుకాణాలు మూసేశారు. తెరిచి తీసుకోవాల్సిందేనని అధికారి ఇచ్చిన ఉత్తర్వు పపైరస్ మీద ఇప్పటికీ ఉంది. లంక రాజును ఆశ్చర్యపరిచిన రోము నాణేల గతి, రెండు వందల ఏళ్ళకు సొంత రాజ్యంలోనే ఇదైంది. 270 నాటికి కిరణాల కిరీటపు నాణెంలో వెండి నూటికి రెండు మూడు పాళ్ళు. పైపైన తెల్లగా మెరిసే పూత, నాలుగు చేతులు మారితే అరిగి కింద రాగి బయటపడేది. కారణం చక్రవర్తుల దుర్బుద్ధి ఒక్కటే కాదు. సరిహద్దులన్నిటా యుద్ధాలు, మహమ్మారులు, గద్దె కోసం పోటీలు. ఆ రాజ్యానికి అప్పు పత్రాలు లేవు, నోట్లు లేవు. జీతాల రోజు వచ్చేసరికి ఉన్న వెండినే ఎక్కువ నాణేలుగా సాగదీయాలి.

ఆ గడ్డు రోజుల్లో బ్రిటన్‌లో కారాసియస్ అనే నౌకాదళ నాయకుడు 286లో తిరగబడి తనను తానే చక్రవర్తిని చేసుకున్నాడు. తిరుగుబాటుదారు చేసిన మొదటి పనుల్లో ఒకటి మేలైన వెండితో నాణెం వేయటం. వెనక, ఎదురుచూసినవాడా రా అన్న స్వాగతం. 294 ప్రాంతంలో డయోక్లీషియన్ మొత్తం సామ్రాజ్యానికీ మళ్ళీ మంచి వెండి నాణెం తెచ్చాడు. కొన్నిటి వెనక దేవత లేదు, విజయం లేదు, శాంతి లేదు. దండ మధ్యలో ఒక్క అంకె. 96. పౌనుకు తొంభైయారు అని అర్థం. నీరో దొంగచాటుగా దించిన తూకాన్నే, రెండు వందల ముప్ఫై ఏళ్ళ తరవాత ఇంకో చక్రవర్తి గర్వంగా బొరుసు మీదికి ఎక్కించాడు. ముఖం చూసి నమ్మమంటే జనం నమ్మటం మానేశారని టంకశాలే ఒప్పుకున్న సందర్భం అది. ఆ నాణెమూ ఎక్కువ కాలం నిలవలేదు. 301లో ఆయన ధరలకు హద్దు పెడుతూ శాసనం చేయవలసి వచ్చింది.

అయితే బొమ్మా బొరుసూ ఉత్త అబద్ధాలేనా? చరిత్ర తెలుసుకోగోరే మనకు అలా కాదు. 1947లో కర్ణాటక చంద్రవల్లిలో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వకం చేసినప్పుడు టైబీరియస్ దేనారం దొరికింది. దాన్ని బట్టి, ఆ పొర క్రీ.శ. 14కు ముందుది కాదని తేలింది. పక్కనున్న కుండపెంకులకూ శాతవాహన నాణేలకూ కాలం కట్టటానికి ఆధారం చిక్కింది. తూకం ఖజానా పరిస్థితి చెబుతుంది. ఆ ఖజానా ఎవరిదో, ఏ ఏటిదో చెప్పాల్సింది బొమ్మే. ఎక్కడ భయం ఉండి ఆ శాంతి మాటలు రాయించారో చెప్పాల్సింది బొరుసే. మూడూ కలిసుంటేనే సాక్ష్యం నిలుస్తుంది.

అందుకే చివరగా ఒక విన్నపం. మన పల్లెల్లో నాగలి చాలులోనో, పునాది గుంటలోనో ఇలాంటి కుండ బయటపడితే లంకెబిందె దొరికిందంటారు. రాత్రికి రాత్రి పంచుకుని, తెల్లారేసరికి మూసలో పోస్తారు. కరిగాక మిగిలేది తూకం ఒక్కటే, అదీ ఆనాటి మార్కెట్ ధరకు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. కుండను కదపకుండా, నాణేలు తోమకుండా, ఒక్కటి కూడా పక్కకు తీయకుండా కబురు పెట్టండి. అక్కనపల్లి నాణేలు కంసాలి మూసలో పడి ఉంటే, మన షరాబులు రోము చక్రవర్తి వెండిని తూచి తీర్పు చెప్పారన్న సంగతి ఇవాళ మీకు చెప్పటానికి నా దగ్గర ఏ ఆధారమూ ఉండేది కాదు.